యుద్ధకాలపు యూరప్ సినిమా పోస్టర్లు: అసలుదో కాదో తేల్చుకోవడం, కొనడం, మన తేమలో దాచుకోవడం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: రెండో ప్రపంచ యుద్ధం నాటి యూరప్ సినిమా పోస్టర్లు సేకరించాలని ఉంది. చేతిలో రెండు లక్షలున్నాయి. ఇటలీ నుంచి ఒకాయన "కాసాబ్లాంకా, 1942, ఒరిజినల్ ఇటాలియన్ పోస్టర్, 100×140 సెంటీమీటర్లు, లినెన్ బ్యాకింగ్ (వెనక గుడ్డ అంటించడం) చేసినది" అని అమ్మకానికి పెట్టాడు. కొనొచ్చా? కొంటే విశాఖ తేమలో ఎలా దాచాలి?

ముందు 1942 సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఈ రంగంలో డబ్బు పోయేది చాలాసార్లు అక్కడే.

కాసాబ్లాంకా న్యూయార్క్‌లో మొదటిసారి పడింది 1942 నవంబర్ 26న. అప్పటికి దాదాపు ఏడాదిగా ఇటలీ, అమెరికా శత్రు దేశాలు. ఆ సినిమా ఇటలీకి వచ్చింది 1946లో. ఫ్రాన్స్‌కి 1947లో. పశ్చిమ జర్మనీకి 1952లో, అదీ నాజీలు కనిపించే సీన్లు కోసేసి. కాబట్టి 1942లో అచ్చయిన ఇటాలియన్ కాసాబ్లాంకా పోస్టర్ అనేది ఉండే అవకాశమే లేదు. అమ్మేవాడు మోసగాడనే అనక్కర్లేదు. పోస్టర్ వ్యాపారంలో సినిమా తీసిన ఏడాదిని రాసేయడం పాత అలవాటు. అందుకే "ఒరిజినలేనా?" అని అడిగితే లాభం లేదు, అందరూ అవుననే అంటారు. "ఈ కాగితం ఏ దేశంలో, ఏ విడుదలకి, ఏ ఏడాది అచ్చయింది?" అని అడగండి.

ఇంకొకటి. 1946 తొలి విడుదలకి లుయీజి మార్తినాతి గీసిన ఇటాలియన్ పోస్టర్ ఒకటి 2017 జులైలో డల్లాస్‌లోని హెరిటేజ్ వేలంలో 4,78,000 డాలర్లు పలికింది. అది "నాలుగు ఫోల్యీ" సైజు, అంటే సుమారు 140×200. మీకు చూపించింది 100×140, "రెండు ఫోల్యీ". ఆ సినిమా ఇటలీలో తర్వాత కూడా కొత్త బొమ్మలతో మళ్లీ విడుదలైంది. మీ పోస్టర్ అలాంటి మలి విడుదలది అయ్యే అవకాశమే ఎక్కువ. మలి విడుదల పోస్టర్ నకిలీ కాదు, కానీ దాని ధర వేరు, దాని కథ వేరు. పైగా మీరు అడిగింది యుద్ధకాలపు పోస్టర్లు కదా, ఆ లెక్కలోకి 1946ది కూడా రాదు.

అందుకే పోస్టర్ పట్టుకునే ముందు పటం పట్టుకోవాలి. ఏ దేశంలో ఏ సినిమా ఎప్పుడు ఆడే వీలుందో తెలిస్తే సగం జాబితా చూడకుండానే కొట్టేయొచ్చు. ఇటలీలో 1938లో చేసిన చట్టంతో విదేశీ సినిమాల దిగుమతి మొత్తం ఒకే ప్రభుత్వ సంస్థ చేతికి పోయింది. దాంతో ఎమ్‌జీఎమ్, ఫాక్స్, పారమౌంట్, వార్నర్ అనే నాలుగు హాలీవుడ్ సంస్థలూ 1939 మొదట్లోనే ఆ మార్కెట్ వదిలేశాయి. జర్మనీలో అమెరికన్ సినిమాలు 1941కల్లా పూర్తిగా ఆగిపోయాయి. జర్మన్ ఆక్రమణలో ఉన్న ఉత్తర ఫ్రాన్స్, బెల్జియం, హాలండ్‌లలోనూ అంతే. దక్షిణాన, జర్మనీతో సహకరించిన ఫ్రెంచ్ విషీ ప్రభుత్వం కింద ఉన్న ప్రాంతంలో మాత్రం 1942 దాకా కొన్ని ఆడాయి. చాప్లిన్ 'ది గ్రేట్ డిక్టేటర్' లండన్‌లో 1940 డిసెంబర్‌లో వచ్చింది, ఫ్రాన్స్‌లో 1945లో, పశ్చిమ జర్మనీలో 1958లో. 'గాన్ విత్ ద విండ్' లండన్‌లో 1940 ఏప్రిల్‌లో మొదలై నాలుగేళ్లు ఆడింది, పారిస్‌కి 1950 దాకా రాలేదు.

దీన్నిబట్టి తేలేదేమిటంటే, యుద్ధం జరుగుతుండగా యూరప్‌లో అచ్చయిన హాలీవుడ్ పోస్టరే కావాలంటే బ్రిటన్, లేదా తటస్థ దేశాలైన స్వీడన్, స్విట్జర్లాండ్, స్పెయిన్, పోర్చుగల్ వైపు చూడాలి. ఫ్రాన్స్, ఇటలీ, జర్మనీల నుంచి కావాలంటే వాళ్ల సొంత సినిమాల పోస్టర్లు చూడాలి. రెండు లక్షలతో మొదలుపెట్టేవాళ్లకి నా సలహా రెండో దారి. బొమ్మలు గొప్పగా ఉంటాయి, హాలీవుడ్ పేర్లకున్న పోటీ ఉండదు.

ఇక దేశాలవారీగా. ఫ్రాన్స్, ఇటలీల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఆధారాలు బాగా దొరికేది అక్కడే.

ఫ్రెంచ్ పోస్టర్లో అందరూ వెతికే సైజు 120×160 సెంటీమీటర్లు, దాన్నే "గ్రాంద్" అంటారు. మన లెక్కలో దాదాపు నాలుగడుగుల వెడల్పు, అయిదుంపావు అడుగుల ఎత్తు. చిన్నది 60×80. గోడ మీద బాగుండేది గ్రాంద్, ఇంట్లో దాచుకోగలిగేది చిన్నది. 1881 జులై 29 నాటి పత్రికా చట్టం ప్రకారం జనంలోకి వెళ్లే ప్రతి అచ్చు కాగితం మీదా ముద్రాపకుడి పేరు, చిరునామా ఉండాలి. కాబట్టి కింది అంచులోనో పక్క అంచులోనో "అంప్." (Imp., అంటే ముద్రణాలయం) అని మొదలయ్యే సన్నటి లైను ఉండాలి. లేకపోతే రెండే కారణాలు: అంచు కత్తిరించారు, లేదా పోస్టర్ తేడాది. సైజు కొలిస్తే మొదటిది తెలిసిపోతుంది. 160 ఉండాల్సింది 156 ఉంటే కత్తెర పడినట్టే. ఆ కత్తిరింపే ధర తగ్గించి అడగడానికి కారణం.

ఆక్రమణ కాలపు ఫ్రాన్స్‌లో ముఖ్యమైన పేరు కాంతినెంతాల్ ఫిల్మ్స్. జర్మన్ డబ్బుతో 1940లో పారిస్‌లో పెట్టిన సంస్థ ఇది, మొత్తం 30 సినిమాలు తీసింది. 1944లో పారిస్ విముక్తితో దాని కథ ముగిసింది. ఇది మనకు మంచి కొలబద్ద. ఉదాహరణకి క్లూజో తీసిన 'ల కార్బో' 1943 సెప్టెంబర్‌లో విడుదలైంది, విముక్తి తర్వాత నిషేధంలో పడింది, 1947లో మళ్లీ బయటికొచ్చింది. కాబట్టి దాని పోస్టర్లు కనీసం రెండు తరాలవి ఉంటాయి. పంపిణీదారు పేరు చదివి ఆ సంస్థ 1943లో ఉందా, యుద్ధం తర్వాత పుట్టిందా అని చూస్తే ఏ తరమో తెలుస్తుంది. అమ్మేవాడు "1943" అని మాత్రమే రాసి పంపిణీదారు పేరు చెప్పకపోతే ఆ లైను దగ్గరి ఫొటో అడగండి.

ఇటలీలో ఇంకా మంచి సాధనం ఉంది: ఫాసిస్టు సంవత్సరం. ముసోలినీ ప్రభుత్వం 1922 అక్టోబర్ చివరి నుంచి లెక్కపెట్టే కొత్త శకం తెచ్చింది, అధికారిక ముద్రణల్లో రోమన్ అంకెల్లో వేసేవారు. XX అంటే 1941 అక్టోబర్ చివరి నుంచి 1942 అక్టోబర్ చివరి దాకా. XXI అంటే ఆ తర్వాతి ఏడాది. ప్రింటర్ లైను చివర ఇలాంటి అంకె కనిపిస్తే తేదీ మీ చేతికొచ్చినట్టే. 1943 జులై 25న ముసోలినీ పడిపోయాక దక్షిణాన ఆ లెక్క పోయింది, ఉత్తరాన అతని కీలుబొమ్మ ప్రభుత్వం కింద 1945 దాకా సాగింది. అన్ని పోస్టర్ల మీదా ఈ అంకె ఉండదు. లేకపోవడం తప్పు కాదు, ఉండి సినిమా తేదీతో పొసగకపోవడమే తప్పు.

ఇటలీలో, ఫ్రాన్స్‌లో, బెల్జియంలో పోస్టర్ గోడకెక్కాలంటే పన్ను కట్టి స్టాంపు వేయించాలి. ఆ స్టాంపు కొన్నిసార్లు అతికించిన బిళ్లగా, కొన్నిసార్లు రబ్బరు ముద్రగా కనిపిస్తుంది. స్టాంపు మీద తేదీ కనిపిస్తే పోస్టర్ ఆ తేదీకి ముందే అచ్చయిందని మాత్రమే దాని అర్థం, ఆ ఏడాదే అచ్చయిందని కాదు. స్టాంపు లేకపోతే నకిలీ అనీ కాదు. వాడకుండా పంపిణీదారు గోదాములో మిగిలిపోయిన కాపీలకి స్టాంపు ఉండదు, వాటికే కాగితం కూడా బాగుంటుంది. ఇటలీ చిన్న సైజుల్లో 33×70 ఉండే "లొకాందీనా", హాలు బయట పెట్టే అడ్డంగా ఉండే ఫొటో కార్డులు "ఫోతోబూస్తా" కొత్తవాళ్లకి అందుబాటులో ఉంటాయి. గీసినవాళ్లలో అన్సెల్మో బల్లెస్తెర్, మార్తినాతి, అల్ఫ్రేదో కపితాని పేర్లు గుర్తు పెట్టుకోండి. సంతకం సాధారణంగా బొమ్మలోనే, కింద మూలన ఉంటుంది.

జర్మన్ పోస్టర్లకి రెండు చిక్కులున్నాయి. మొదటిది మలి విడుదలలు. యుద్ధకాలపు వినోద చిత్రాలు చాలా వాటిని 1950ల్లో మళ్లీ వదిలారు. ఎఫ్‌ఎస్‌కే అనే సినిమా వర్గీకరణ సంస్థ 1949లో మొదలైంది. ఆ గుర్తు ఉంటే పోస్టర్ 1949 తర్వాతిదే, సినిమా 1942దైనా సరే. ఏ1 కాగితం, అంటే 59×84, యుద్ధం తర్వాత మామూలైన సైజు. యుద్ధకాలంలో ఇంతకంటే పెద్దవి ఎక్కువ, సుమారు 95×143 వంటివి. పాత జర్మన్ గోతిక్ అక్షరాలు కనిపిస్తే "ఆహా, నాజీ కాలం" అనుకోకండి. 1941 జనవరిలో ఆ ప్రభుత్వమే వాటిని అధికారిక వాడకం నుంచి తీసేయమంది. నకిలీ చేసేవాళ్లకి మాత్రం ఆ అక్షరాలంటే మహా ఇష్టం.

రెండో చిక్కు చట్టం. స్వస్తిక్ వంటి నాజీ చిహ్నాలు బహిరంగంగా చూపడం జర్మనీ శిక్షాస్మృతి 86ఏ కింద నేరం, పరిశోధన, విద్య, కళ వంటి అవసరాలకి మినహాయింపులున్నాయి. అందుకే జర్మన్ వేలం పుస్తకాల్లో ఆ భాగం మీద నల్లటి చుక్క వేసి ఉంటుంది. ఈబే 2001 నుంచే ఇలాంటివాటిని కట్టడి చేసింది. ప్రచార చిత్రాల పోస్టర్లు చరిత్ర పత్రాలుగా విలువైనవే, కానీ మొదటి కొనుగోలుగా వద్దు. నకిలీలు కూడా వాటిలోనే ఎక్కువ తిరుగుతాయి. అదే డబ్బుతో 'మ్యున్‌హౌజెన్', 'దీ గ్రోసె లీబె' వంటి వినోద చిత్రాల కాగితాలు వెతకండి. ముఖ్యంగా 'ఇల్లుస్త్రీర్తెర్ ఫిల్మ్ కురియెర్' అనే సినిమా కరపత్రాలు 1919 నుంచి 1944 దాకా వచ్చాయి, కొద్ది పేజీల చిన్న పుస్తకాలు. కాగితం, అచ్చు, అక్షరాలు ఎలా ఉండేవో చేత్తో తాకి నేర్చుకోవడానికి అంతకంటే చవకైన పాఠం లేదు.

బ్రిటన్ సంగతి. అక్కడి ప్రధాన సైజు "క్వాడ్", అడ్డంగా 30×40 అంగుళాలు. యుద్ధంలో కాగితం కోటా పెట్టాక దినపత్రికలే నాలుగు పేజీలకి కుదించుకుపోయాయి, పోస్టర్ల గురించి చెప్పేదేముంది. చిన్న సైజులు, పల్చటి కాగితం, తక్కువ రంగులు. వాడినవి చాలావరకు పాత కాగితాల సేకరణలో పల్ప్ అయిపోయాయి. అందుకే 1940-45 క్వాడ్లు 1950ల వాటికంటే చాలా అరుదు. తేదీకి సులువైన గుర్తు సెన్సార్ అక్షరం: "ఎక్స్" సర్టిఫికెట్ 1951లో మొదలైంది, అది ఉంటే యుద్ధకాలపుది కాదు. ఈలింగ్ స్టూడియో 1940ల్లో జాన్ పైపర్, ఎడ్వర్డ్ ఆర్డిజోన్ వంటి చిత్రకారులతో పోస్టర్లు గీయించింది. అవి మన బడ్జెట్‌కి అందవు గానీ చూసి తీరాలి.

స్పెయిన్ పోస్టర్లు 70×100, బలమైన రాతి అచ్చు రంగులు. అక్కడ హాళ్ల దగ్గర పంచిన అరచేతి సైజు కరపత్రాలు "ప్రొగ్రామాస్ దే మానో" వేలల్లో దొరుకుతాయి, వెనక హాలు పేరు, తేదీ అచ్చేసి ఉంటే అదే సాక్ష్యం. బెల్జియం పోస్టర్లు ఫ్రెంచ్, డచ్ రెండు భాషల్లో, పైన హాలు పేరుకి ఖాళీ వదిలి ఉంటాయి. సుమారు 36×56 సైజున్న హాలీవుడ్ బెల్జియన్లు దాదాపుగా విముక్తి తర్వాతివి. సోవియట్ పోస్టర్లలో కింద ప్రతుల సంఖ్య, ధర, సెన్సార్ నంబరు అచ్చులోనే ఉంటాయి కాబట్టి తేదీ సులువు, దొరకడమే కష్టం.

ఇప్పుడు పోస్టర్ చేతికొచ్చిందనుకోండి. టేబుల్ మీద శుభ్రమైన తెల్ల కాగితం పరిచి, చేతులు కడుక్కుని పూర్తిగా ఆరబెట్టుకుని దాని మీద పెట్టండి. కావలసినవి: పది రెట్లు చూపే ప్రింటర్ల భూతద్దం, ముప్పై రెట్లది ఇంకొకటి, 365 నానోమీటర్ల యూవీ టార్చి, స్టీల్ టేపు.

ముందు వెనక్కి తిప్పండి. ముందువైపు ఎవరైనా బొమ్మే చూస్తారు, నకిలీ చేసేవాడు కూడా శ్రద్ధ అంతా అక్కడే పెడతాడు. ఆ రోజుల్లో పోస్టర్లు మడతపెట్టే పంపేవారు. ఎనిమిదో పదహారో గడులుగా మడిచిన కాగితం ఎనభై ఏళ్లు కట్టలో పడి ఉంటే బయటికి కనిపించే గడి ఒక్కటే మాసి, ముదురు రంగు తేలుతుంది. మిగతావి తేటగా ఉంటాయి. వెనకవైపు ఆ ఒక్క ముదురు గడి కనిపించిందంటే మంచి శకునం. వెనకంతా ఒకే గోధుమ రంగులో ఉంటే అనుమానించండి. టీ డికాషన్‌లో ముంచిన కాగితం అలాగే ఉంటుంది, పైగా అంచుల దగ్గర నీటి చార గీతలా ఆగి ఉంటుంది. సహజంగా పండిన కాగితం గాలి తగిలే అంచుల్లో ముదురుగా, లోపలికి వెళ్లేకొద్దీ తేలికగా మారుతుంది.

తర్వాత మడతలు. రెండు మడతలు కలిసే చోట కాగితం ఎక్కువ అరుగుతుంది, అక్కడ చిన్న చిల్లు ఉండటం మామూలే. మడత మీద రంగు పొడిలా రాలి, కింద కాగితం పీచు కనిపించాలి. నకిలీలలో తరచూ దొరికే తప్పు ఒకటుంది: మడతలున్న అసలు పోస్టర్‌ని స్కాన్ చేసి అచ్చేస్తారు, దాంతో మడత గీత బొమ్మలో భాగంగా అచ్చయిపోతుంది. కంటికి తెల్ల గీత కనిపిస్తుంది, గోరుతో నెమ్మదిగా పక్కన తడిమితే కాగితం నున్నగా ఉంటుంది. చిరుగులూ అంతే, చిరుగు కనిపిస్తుంది గానీ చిరిగి ఉండదు.

ఇక భూతద్దం. రాతి అచ్చులో, అంటే లితోలో, ఒక్కో రంగుకి ఒక్కో రాయి లేదా జింక్ పలక. పెద్ద రంగు మైదానం మీద భూతద్దం పెడితే చుక్కలు కనిపించవు, లేదా క్రేయాన్‌తో గరుకు రాయి మీద రుద్దినట్టు క్రమం లేని ఇసుక లాంటి గింజ కనిపిస్తుంది. ఎరుపు మీద నీలం పడిన చోట రంగులు ఒక మిల్లీమీటరు పక్కకి జరిగి ఉండొచ్చు. నాలుగు రంగుల చుక్కలు పువ్వు రేకుల్లా వరసగా కనిపిస్తే అది తర్వాతి ఆఫ్‌సెట్ రీప్రింట్ అయ్యే అవకాశం ఎక్కువ. ముప్పై రెట్లలో చుక్కలు చల్లినట్టు చెదిరి, అంచులు పీల్చుకుని ఉంటే ఇంక్‌జెట్, దాని గురించి ఇక ఆలోచించక్కర్లేదు. కానీ ఒక జాగ్రత్త: ఆ రోజుల్లోనూ ఫొటోలు వాడిన పోస్టర్లున్నాయి, వాటి ముఖాల దగ్గర చుక్కలు ఉంటాయి. చేత్తో గీసిన అక్షరాల్లో, సంతకంలో, చదునైన రంగులో చుక్కలుంటేనే తప్పు.

చివరికి చీకటి గదిలో యూవీ టార్చి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు పరిశ్రమలోకి వచ్చింది దాదాపు 1950 నుంచి. కాబట్టి యుద్ధకాలపు కాగితం యూవీ కింద మొద్దుగా, పసుపు గోధుమ ఛాయలో ఉంటుంది. మీ చొక్కా కాలరులా నీలిగా మెరిసిపోతే అది తర్వాతి కాగితం. ఇక్కడా తొందరపడొద్దు. బ్యాకింగ్ చేసిన కొత్త గుడ్డ మెరుస్తుంది, మరమ్మతు చేసిన చోట పూసిన రంగు మెరుస్తుంది. అందుకే అంచులో, అసలు కాగితం బయటపడిన చోట చూడాలి. ఈ పరీక్షతో ఇంకో లాభం, దాచిపెట్టిన మరమ్మతులన్నీ మచ్చల్లా పైకి తేలతాయి.

మీ పోస్టర్‌కి లినెన్ బ్యాకింగ్ ఉందన్నారు కదా. ఈ పని పద్ధతిగా చేస్తే ఇలా ఉంటుంది: ముందు ప్రతి రంగు మీదా తడి దూది పెట్టి కరుగుతుందేమో చూస్తారు, ఎరుపులు, రబ్బరు స్టాంపు సిరాలు త్వరగా పారతాయి. తర్వాత నీటిలో కడిగి ఆమ్లం తగ్గించి, చెక్క ఫ్రేముకి బిగించిన కాన్వాస్ మీద జపాన్ కాగితం పొర వేసి, దాని మీద పోస్టర్ని గోధుమ పిండి జిగురుతో పరుస్తారు. బిగుతుగా ఉండగానే ఆరనిస్తారు. ఈ జిగురు మన గోడలకి పోస్టర్లు అంటించే మైదా లై కాదు. మైదాలో ఉండే జిగట మాంసకృత్తి పురుగుకి పండగ, పైగా గట్టిపడి కాగితాన్ని పగలగొడుతుంది. ఇది ఆ మాంసకృత్తి తీసేసిన శుద్ధ గోధుమ స్టార్చ్. ఒక వంతు స్టార్చ్, నాలుగైదు వంతుల డిస్టిల్డ్ వాటర్, అరగంట నానబెట్టి, సన్న సెగ మీద అరగంట దాకా కలుపుతూ ఉడికించి, చల్లార్చి జల్లెడ పడతారు. బైండింగ్ షాపుల్లో పురుగు పట్టకుండా కలిపే మైలుతుత్తం ఇందులో పడకూడదు, రాగి లవణం కాగితాన్ని తినేస్తుంది.

ఇలా చేసిన బ్యాకింగ్ నీటితో విప్పదీయొచ్చు, విలువ తగ్గదు. వేడి ప్రెస్సుతో ప్లాస్టిక్ జిగురు పొర కరిగించి అంటించినదైతే విప్పడం దాదాపు అసాధ్యం, అలాంటిది కొనకండి. మూలన వెనకనుంచి చూస్తే గుడ్డకీ కాగితానికీ మధ్య మెరిసే పొర కనిపిస్తే అదే. బ్యాకింగ్‌తో ఉన్న అసలు ఇబ్బంది ఏమిటంటే, వెనకవైపు మొత్తం కప్పేస్తుంది. పైన చెప్పిన ముదురు గడి, మడతల అరుగుదల, సిరా వెనక్కి దిగడం ఏవీ కనిపించవు. కాబట్టి అమ్మేవాడిని బ్యాకింగ్‌కి ముందు తీసిన ఫొటోలు, ముందూ వెనకా, అడగాలి. మంచి పనివాళ్లు ఆ ఫొటోలు తప్పక తీస్తారు. ముఖాలు, పేర్ల అక్షరాలు మళ్లీ గీశారా, అంచులు కొత్తగా కట్టారా అని లిఖితంగా అడగండి. మడతల మీద రంగు దిద్దడం మామూలు. ముఖం మళ్లీ గీస్తే సగం ధర కూడా పెట్టకూడదని నా లెక్క.

పోస్టర్ ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్నది యుద్ధకాలపు కాగితాల్లో ఊరికే అడిగే మాట కాదు. బెర్లిన్ దంతవైద్యుడు హాన్స్ సాక్స్ సేకరించిన 12,500 పోస్టర్లని 1938లో నాజీ రహస్య పోలీసు గెస్టాపో ఎత్తుకుపోయింది. మిగిలిన నాలుగు వేలకు పైగా పోస్టర్లు బెర్లిన్ మ్యూజియంలో బయటపడ్డాయి. ఆయన కొడుకు కోర్టుకెక్కితే 2012 మార్చిలో జర్మన్ ఫెడరల్ కోర్టు అవి తిరిగి ఇవ్వాల్సిందేనంది. వెనక ఏదైనా సేకరణ ముద్ర, అంకె కనిపిస్తే ఫొటో తీసి పెట్టుకోండి, గోకేసి ఉంటే ఎందుకు గోకారో అడగండి.

డబ్బు లెక్క. యూరో వంద రూపాయలనుకుంటే మీ చేతిలో 2,000 యూరోలున్నాయి. వేలంలో 600కి పాట ఆగిందనుకోండి, వేలం సంస్థ కమిషన్ 25 శాతం వేస్తే 750. ప్యాకింగు, కొరియరు, బీమా కలిపి 80 నుంచి 120. ఆపైన మన కస్టమ్స్. అందుకని పాట పాడేటప్పుడు మీ గరిష్ఠం మొత్తం బడ్జెట్‌లో 60 శాతం దగ్గర ఆపేయండి. కస్టమ్స్ సుంకాల పట్టికలో నూరేళ్లు దాటిన పురావస్తువులకే 9706 శీర్షిక, 1943 పోస్టర్‌కి ఇంకా ఆ వయసు రాలేదు. చేతితో చేసిన పలక నుంచి తీసిన అసలు లితోలకి 9702, మామూలు అచ్చు బొమ్మలకి 4911. బిల్లు మీద "పోస్టర్" అని వదిలేయకుండా ముద్రణ పద్ధతి, ఏడాది, సైజు రాయించండి. రేట్లు మారుతుంటాయి, కొనే నెలలో చూసుకోవాలి. యూరోపియన్ యూనియన్ నుంచి యాభై ఏళ్లు దాటిన అసలు పోస్టర్ 15,000 యూరోలు మించితే ఎగుమతి లైసెన్స్ కావాలి, మన బడ్జెట్‌కి ఆ బాధ లేదు.

మొదటి ఏడాది నేనైతే ఇలా ఖర్చుపెడతాను: పదిహేను వేలు కరపత్రాలకి, మూడు నాలుగు దేశాలవి. భూతద్దాలు, టార్చి, నిల్వ సామాను ఒక పాతిక వేలు. మిగిలిందాంట్లో ఒకే ఒక్క మంచి 60×80 ఫ్రెంచ్ పోస్టరో, లొకాందీనానో. పాత ధరల కోసం హెరిటేజ్ వాళ్ల పాత వేలం ఫలితాలు, బొమ్మ పోల్చుకోవడానికి పారిస్ సినిమాథెక్ ఫ్రాన్సేజ్, తూరిన్ సినిమా మ్యూజియం సేకరణలు చూడండి.

ఇక విశాఖ. ఆ కాగితం చెక్క గుజ్జుతో చేసింది, పుట్టుకతోనే ఆమ్లం. మీ ఊళ్లో తేమ వానాకాలంలో 80 శాతం దాటుతుంది, కావలసింది 45 నుంచి 55. ఏసీ పగలు వేసి రాత్రి ఆపేస్తే ఇంకా చెరుపు, ఎందుకంటే కాగితం రోజూ ఉబ్బి రోజూ ముడుచుకుంటుంది. ఒక చిన్న గదికి డీహ్యూమిడిఫయర్ పెట్టి 50 దగ్గర కదలకుండా ఉంచితే ఉష్ణోగ్రత 26 అయినా ఫరవాలేదు. తేమ కొలిచే మీటర్లు రెండు కొనండి, ఒకటి గదిలో, ఒకటి డ్రాయరులో. రెండూ పక్కపక్కన పెట్టి ఒకే అంకె చూపుతున్నాయో లేదో ముందే చూసుకోండి.

పార్సిల్ రాగానే విప్పకండి. ఒక రోజు గదిలో అలాగే ఉంచండి, చల్లటి కార్గో నుంచి వచ్చిన ట్యూబు విప్పితే లోపల తేమ పట్టేస్తుంది. మడతల్లో వెండి పురుగు (సిల్వర్‌ఫిష్), గుడ్లు ఏమైనా కనిపిస్తే పాలిథిన్ సంచిలో గాలి తీసి సీల్ చేసి విడిగా పెట్టండి. మైనస్ 20 డిగ్రీల ఫ్రీజరులో వారం ఉంచితే పురుగు చస్తుంది, తీశాక ఒక రోజు సంచి విప్పకూడదు. నాఫ్తలీన్ గోళీలు వద్దు.

నిల్వకి స్టీల్ ప్లాన్ చెస్ట్, అంటే ఆర్కిటెక్టులు వాడే పల్చటి పెద్ద డ్రాయర్లు. ప్లైవుడ్ వద్దు, దాని జిగురు ఆవిరి ఆమ్లమే. గోడకి నాలుగు అంగుళాలు, నేలకి ఆరంగుళాలు ఎడంగా పెడితే చెద దారి కనిపిస్తుంది. పోస్టర్‌ని ఆమ్లం లేని ఫోల్డరులో, లేదా మెలినెక్స్ 516 వంటి పాలియెస్టర్ కవరులో ఉంచండి. మామూలు పీవీసీ కవర్లు అంటుకుపోతాయి. 120×160 డ్రాయరులో పట్టదు కాబట్టి బ్యాకింగ్ చేసినదైతే కనీసం 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టానికి ఆమ్లం లేని కాగితం చుట్టి, దాని మీద వదులుగా చుట్టండి. ఎప్పుడూ మడవనే కూడదు. బ్యాకింగ్ లేక, ఎనభై ఏళ్లుగా మడతల్లోనే ఉన్నదైతే అలాగే మడతల్లోనే ఉండనివ్వండి, బలవంతంగా చుట్టకండి.

వీధి చివర షాపులో లామినేషన్ చేయించడం, చిరుగుకి సెల్లోటేపు వేయడం మాత్రం వద్దే వద్దు, ఆ రెండింటికీ తిరుగు లేదు. పాత టేపు ఉంటే మీరు పీకకండి, కాగితం పొర దానితోపాటు వస్తుంది. గోడకి పెట్టాలంటే గాజుకీ కాగితానికీ మధ్య కనీసం మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎడం ఉండేలా స్పేసర్లు వేయించి, యూవీ ఆపే అక్రిలిక్ వాడండి. బయటి గోడకి కాకుండా లోపలి గోడకే తగిలించండి, సముద్రం వైపు గోడ వానాకాలంలో తడి పీల్చుతుంది. వెలుగు 50 లక్స్, అంటే పుస్తకం చదవడానికి కాస్త చాలని వెలుతురు. మూడు నెలలకోసారి దించి డ్రాయరులో పెట్టి ఇంకొకటి తగిలించండి. ఆ దించినప్పుడే ఫ్రేము వెనక అట్ట విప్పి, మూలల్లో మిరియాల పొడిలాంటి నల్లటి రేణువులో, పసుపు మరకలో ఉన్నాయేమో చూడండి. వెండి పురుగు జిగురు తినడం మొదలుపెడితే ముందు కనిపించేది అదే.